మొదటి రెట్రో ఆర్‌పీజీగా ఏది ఆడాలి?

పాత కన్సోళ్ళ ఆర్‌పీజీలు, అంటే ఒక పాత్రగా మారి పోరాడుతూ, బలపడుతూ కథని నడిపే ఆటలు, కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు ముందుగా అడిగేది ఒకటే: "అన్నిటికన్నా సులువైనది ఏది?" జవాబు వెంటనే చెప్పేయొచ్చు. 1992లో సూపర్ నింటెండో కన్సోల్‌కి స్క్వేర్ కంపెనీ తెచ్చిన ఫైనల్ ఫాంటసీ మిస్టిక్ క్వెస్ట్. ఇలాంటి ఆటలు ఎప్పుడూ ఆడనివాళ్ళ కోసమే దాన్ని తయారుచేశారు. అయినా అడిగినవాళ్ళందరికీ నేను దాన్నే చెప్పను.

సులువు అనగానే మనకి తోచేది బలహీనమైన శత్రువులు. కానీ శత్రువు గట్టివాడన్న ఒక్క కారణంతో ఆట మానేసినవాళ్ళు నాకు పెద్దగా తగల్లేదు. గుహలో ముప్పావుగంట తిరిగి, చివర్లో ఓడిపోయి, సేవ్ చేసిన చోటు ఎక్కడో వెనకాల ఊళ్ళో ఉండిపోతే ఆ కష్టమంతా బూడిదలో పోసిన పన్నీరే. కంట్రోలర్ పక్కన పెట్టేది అప్పుడు. లేదంటే ఒక ఊళ్ళో పని పూర్తయ్యాక తర్వాత ఎటు వెళ్ళాలో అంతుపట్టక, మ్యాప్ అంతా కలయతిరిగి విసుగొచ్చినప్పుడు. అందుకే ఏ గేమ్‌నైనా నేను ముందు రెండు విషయాల్లో చూస్తాను. ఓడిపోతే ఎంత పోతుంది? దారి తెలుస్తూ ఉంటుందా? ఈ రెండూ బాగుంటే శత్రువులు కాస్త గట్టిగా ఉన్నా కొత్తవాళ్ళు నెట్టుకొచ్చేస్తారు.

మిస్టిక్ క్వెస్ట్: భయం పోగొట్టే గేమ్

ఈ రెండు విషయాల్లోనూ మిస్టిక్ క్వెస్ట్‌కి సాటి వచ్చేది ఆ కాలంలో లేదు. పోరులో ఓడిపోతే అదే పోరుని మళ్ళీ మొదటినుంచి ఆడే అవకాశం ఇస్తుంది. పోరు జరగనప్పుడు ఎక్కడైనా సేవ్ చేసుకోవచ్చు. అడుగు తీసి అడుగు వేస్తే శత్రువులు ఊడిపడే ర్యాండమ్ ఎన్‌కౌంటర్లు ఇందులో లేవు. గుహల్లో, కోటల్లో శత్రువులు కంటికి కనిపిస్తూ ఒకే చోట నిలబడి ఉంటారు. మీరు వెళ్ళి తాకితేనే పోరు మొదలవుతుంది. దారికి అడ్డంగా లేనివాళ్ళని పక్కనుంచి దాటేయొచ్చు. ఒంట్లో ఓపిక తక్కువగా ఉన్నప్పుడు ఎవరితో తలపడాలో, ఎవరిని వదలాలో మీ చేతిలోనే ఉంటుంది. కొత్తవాళ్ళకి సగం టెన్షన్ ఇక్కడే తగ్గిపోతుంది.

దారి విషయమైతే తప్పిపోవడం దాదాపు కుదరదు. ప్రపంచ మ్యాప్ మీద ఇష్టం వచ్చినట్టు నడవలేరు. ఒక చోటి నుంచి ఇంకో చోటికి బాణం గుర్తులు చూపించే దారుల్లోనే కదులుతారు. కథానాయకుడు బెంజమిన్. నాలుగు క్రిస్టల్స్‌ని కాపాడుతూ ఫారెస్టా, అక్వేరియా, ఫైర్‌బర్గ్, విండియా ప్రాంతాల మీదుగా డార్క్ కింగ్ దాకా వెళ్ళాలి. పక్కన ఎప్పుడూ ఒక్కరే తోడుంటారు: కైలీ, ట్రిస్టమ్, ఫీబీ, రూబెన్‌లలో కథని బట్టి ఒకరు. ఆ తోడు వ్యక్తిని మీరే నడిపించవచ్చు, లేదా ఆటోలో పెట్టి గేమ్‌కే వదిలేయొచ్చు. మొదట్లో ఆటోలో పెట్టేసి, బెంజమిన్ ఒక్కడి మీద దృష్టి పెట్టండి. ఏ మంత్రం దేనికి పనికొస్తుందో తోడువాళ్ళు వాడుతుంటే చూసి నేర్చుకోవచ్చు.

నాకు బాగా నచ్చేది ఆయుధాల సంగతి. చాలా ఆర్‌పీజీల్లో కత్తి అంటే మెనూలో ఒక అంకె. ఇక్కడ గొడ్డలితో దారికి అడ్డొచ్చిన చెట్లు నరకాలి, బాంబుతో అడ్డంకులు పేల్చాలి, పంజాతో గోడలెక్కాలి. పోరులో కూడా ఏ శత్రువుకి ఏ ఆయుధం పనిచేస్తుందో చూసుకోవాలి. ఆయుధం మార్చడానికి మెనూలోకి వెళ్ళనక్కర్లేదు, భుజం బటన్ నొక్కితే చాలు. ఇంకో చిన్న విషయం: దెబ్బలు తగిలేకొద్దీ శత్రువు బొమ్మ మారుతుంది. బాగా డస్సిపోయినట్టు కనిపిస్తే ఇంకొంచెం కొడితే చాలని తెలిసిపోతుంది. అంకెల భాష రానివాళ్ళకి ఇంతకన్నా మంచి సూచన ఏముంటుంది? హెచ్‌పీని, అంటే ఒంట్లో మిగిలిన ప్రాణశక్తిని కూడా అంకెల్లో కాకుండా పట్టీలా చూపించమని సెట్ చేసుకోవచ్చు.

డబ్బు, అనుభవం (పోరు గెలిస్తే వచ్చే, పాత్రని బలపరిచే పాయింట్లు) చాలకపోతే మ్యాప్ మీద అక్కడక్కడా పోరు మైదానాలున్నాయి. ఒక్కో దాంట్లో పది పోరాటాలు. అన్నీ పూర్తిచేస్తే బహుమతి వస్తుంది. ఎన్నింటికి వెళ్ళాలో మీ ఇష్టం. గ్రైండింగ్ (బలం కోసం పదే పదే పోరాడడం) అంటే ఏమిటో ఒక హద్దులో పెట్టి రుచి చూపించే పద్ధతి ఇది.

మరి ఇన్ని మంచి గుణాలుండగా అందరికీ ఎందుకు చెప్పను? కథ బాగా పలచన. ఊళ్ళో మనుషులకి చెప్పేది పెద్దగా ఉండదు, తోడువాళ్ళు పరిచయమయ్యేలోపే వెళ్ళిపోతారు. కొత్త కవచం దొరికితే పాతదాని స్థానంలో అదే వచ్చేస్తుంది కాబట్టి ఎంచుకునే ఆనందం కూడా తక్కువ. బాస్ (దారి చివర ఎదురయ్యే పెద్ద శత్రువు) పోరాటాల్లో వచ్చే రాక్ సంగీతం మాత్రం ఇప్పటికీ ఒళ్ళు ఝల్లుమనిపిస్తుంది. ఆర్‌పీజీలంటే జనం ఎందుకు పడిచస్తారో తెలుసుకుందామని వచ్చినవాళ్ళకి ఈ గేమ్ ఆ కారణాన్ని చూపించదు. పదేళ్ళ పిల్లలకి, ఎక్కువ చదవడం ఇష్టం లేనివాళ్ళకి, ఇదివరకు ఏదో ఆర్‌పీజీ మొదలుపెట్టి భయపడి మానేసినవాళ్ళకి మాత్రం దీన్ని మించింది లేదు. పది పదిహేను గంటల్లో పూర్తవుతుంది. ఒక ఆర్‌పీజీని చివరిదాకా ఆడానన్న ధైర్యం వస్తుంది, అది చిన్న విషయం కాదు.

క్రోనో ట్రిగర్: కథ కోసం వచ్చేవాళ్ళకి

పెద్దవాళ్ళు, కథలంటే ఇష్టమున్నవాళ్ళు, ఓపిగ్గా చదవగలిగినవాళ్ళు అడిగితే నేను రెండో ఆలోచన లేకుండా చెప్పేది 1995 నాటి క్రోనో ట్రిగర్. ఫైనల్ ఫాంటసీ సృష్టికర్త హిరోనొబు సకగుచి, డ్రాగన్ క్వెస్ట్ సృష్టికర్త యూజీ హోరీ, బొమ్మలు గీసిన అకిరా తొరియామా కలిసి పనిచేసిన గేమ్ ఇది. అంత పెద్ద పేర్లు ఉన్నాయని చెప్పట్లేదు. కొత్తవాళ్ళకి నేర్పించే తీరు దీంట్లో ఉన్నంత నేర్పుగా మరోచోట నేను చూడలేదు.

మొదటి గంటనే తీసుకోండి. క్రీస్తుశకం 1000. రాజ్యం వెయ్యేళ్ళ సంబరాల్లో ఉంది. కథానాయకుడు క్రోనో జాతరకి వెళ్తాడు. ఒక అమ్మాయి వచ్చి ఢీకొంటుంది, ఆమె మెడలోని పతకం కింద పడుతుంది. ముందు ఆమెని పలకరిస్తారా, పతకం తీసుకుంటారా? ఒక బల్ల మీద ఎవరిదో భోజనం ఉంది, తినొచ్చు. తప్పిపోయిన పిల్లి కోసం ఒక చిన్నపిల్ల ఏడుస్తోంది, తెచ్చి ఇవ్వొచ్చు. ఆ అమ్మాయి మిఠాయి కొట్టు దగ్గర ఆగితే ఆగనివ్వొచ్చు, పక్కకి లాక్కెళ్ళొచ్చు. ఇవేవీ ముఖ్యమైనవని గేమ్ చెప్పదు. కాసేపటికి క్రోనో న్యాయస్థానంలో నిలబడతాడు. అప్పుడు జాతరలో మీరు చేసినవన్నీ ఒక్కొక్కటే సాక్ష్యాలుగా బయటికొస్తాయి. ఈ లోకంలో మనం చేసేవి లెక్కలోకి వస్తాయని అక్కడ అర్థమవుతుంది. ఒక్క పేజీ పాఠం కూడా చదివించకుండా ఆర్‌పీజీ అంటే ఏమిటో చెప్పేశారు. ఆ తీర్పు ఎలా వచ్చినా కథ ముందుకే సాగుతుంది కాబట్టి కొత్తవాళ్ళు నష్టపోయేదేమీ లేదు.

పోరు విషయానికొస్తే, ప్రపంచ మ్యాప్ మీద శత్రువులే ఉండరు. అడవుల్లో, కోటల్లో చాలావరకు ఎదురుగా కనిపిస్తారు, పోరు కూడా వేరే తెర మీద కాకుండా అక్కడికక్కడే జరుగుతుంది. కాకపోతే మీరు ఆలోచిస్తుండగా శత్రువు కొడుతూనే ఉంటాడు, కొత్తవాళ్ళు కంగారుపడేది ఇందుకే. దీనికి మందు గేమ్‌లోనే ఉంది. మొదలుపెట్టేటప్పుడు పోరు పద్ధతిని యాక్టివ్ కాకుండా వెయిట్‌లో పెట్టుకోండి. టెక్‌లు, వస్తువుల జాబితా తెరిచి ఎంచుకుంటున్నంతసేపూ కాలం ఆగుతుంది. టెక్‌లు అంటే ఒక్కో పాత్రకి ఉండే ప్రత్యేక విద్యలు. ఇద్దరివి కలిపి, ముగ్గురివి కలిపి కొత్తవి పుడతాయి. పార్టీలో, అంటే కలిసి పోరాడే మన జట్టులో ఎవరెవరిని పెట్టాలన్న ఆలోచన దానంతటదే సరదాగా మారేది అందువల్లే.

ఓడిపోతే? ఇక్కడ మిస్టిక్ క్వెస్ట్ అంత దయ లేదు. చివరిసారి సేవ్ చేసిన చోటికే వెళ్తారు. అయితే ప్రపంచ మ్యాప్ మీద ఎక్కడైనా సేవ్ చేసుకోవచ్చు, లోపల కూడా బాస్‌కి ముందు తరచూ సేవ్ పాయింట్ ఉంటుంది. సేవ్ పాయింట్ కనిపిస్తే సేవ్ చేయకుండా దాటకూడదన్న ఒక్క అలవాటు చేసుకుంటే చాలు. మొదట్లో తడబడే చోటు జైలు తర్వాత వచ్చే డ్రాగన్ ట్యాంక్ అనే బాస్. దానికి తల, చక్రాలు, ఒళ్ళు విడివిడిగా ఉంటాయి. ముందు తలని కొట్టండి, లేకపోతే అది మిగతావాటిని బాగుచేస్తూనే ఉంటుంది.

దారి తెలియకపోవడం గేమ్ చివరి మూడోవంతులో కాస్త ఉంది. కాలంలో ముందుకీ వెనక్కీ తిరగడం మీ చేతికొచ్చాక, 65 మిలియన్ల ఏళ్ళ కిందటి డైనోసార్ల కాలం నుంచి క్రీస్తుశకం 2300 దాకా ఎక్కడికైనా వెళ్ళొచ్చు. అప్పుడు 'కాలం చివర' అనే చోట కూర్చున్న ముసలాయన దగ్గరికి వెళ్ళి పలకరించండి. ఎక్కడ ఏ పని మిగిలి ఉందో సూచనలు ఇస్తాడు. పూర్తిచేశాక న్యూ గేమ్ ప్లస్ తెరుచుకుంటుంది, సంపాదించుకున్న బలంతోనే మళ్ళీ మొదలుపెట్టి పదికి పైగా ముగింపుల్లో వేరేవి చూడొచ్చు. మొదటిసారి వాటి గురించి పట్టించుకోకండి. ఇరవై పాతిక గంటల కథ ఇది, నెమ్మదిగా ఆడండి.

సూపర్ మారియో ఆర్‌పీజీ: చేతులు ఊరుకోనివాళ్ళకి

మెనూలో ఆదేశం ఇచ్చి చూస్తూ కూర్చోవడం విసుగనిపించేవాళ్ళుంటారు. వాళ్ళకి 1996లో స్క్వేరే నింటెండో కోసం చేసిన సూపర్ మారియో ఆర్‌పీజీ సరిగ్గా సరిపోతుంది. దెబ్బ తగిలే క్షణంలో బటన్ నొక్కితే బలం పెరుగుతుంది. శత్రువు కొట్టేటప్పుడు సరైన సమయానికి నొక్కితే దెబ్బ తగ్గుతుంది, ఒక్కోసారి అసలు తగలదు. ప్రతి పోరులోనూ చేతికి పని ఉంటుంది. మంత్రశక్తి పాయింట్లు పార్టీ మొత్తానికి ఒకే నిధి, కాబట్టి ఎవరి దగ్గర ఎంత మిగిలిందన్న లెక్క లేదు. శత్రువులు కనిపిస్తారు, దారి సూటిగా ఉంటుంది, యోకో షిమొమురా సంగీతం మనసుకి హాయిగా ఉంటుంది.

ఇబ్బంది ఒక్కటే. బొమ్మ ఏటవాలు కోణంలో ఉంటుంది కాబట్టి మెట్లమీద, కదిలే పలకల మీద గెంతేటప్పుడు దూరం అంచనా తప్పుతుంది. నీడని చూసి గెంతడం అలవాటు చేసుకోండి. ఈ గేమ్‌కి 2023లో నింటెండో స్విచ్ కోసం రీమేక్ వచ్చింది. అందులో ఆటో సేవ్ ఉంది, బ్రీజీ అనే తేలిక స్థాయి ఉంది, బటన్ ఎప్పుడు నొక్కాలో మొదట్లో గుర్తు చూపిస్తుంది. పాతదే ఆడాలన్న పట్టుదల లేకపోతే కొత్తవాళ్ళు రీమేక్‌తోనే మొదలుపెట్టడం మంచిది.

చూడ్డానికి తేలిక, మొదట్లో గట్టి

ఎర్త్‌బౌండ్ చిన్నపిల్లల బొమ్మలా కనిపిస్తుంది, అందుకే మొదటి గేమ్‌గా చాలామంది దీన్ని ఎంచుకుంటారు. జపాన్‌లో 1994లో, ఉత్తర అమెరికాలో 1995లో వచ్చింది. నిజంగా దయగల నియమాలు ఇందులో చాలానే ఉన్నాయి. ఓడిపోతే చేతిలో ఉన్న డబ్బులో సగం పోతుంది కానీ అనుభవం పోదు. ఏటీఎంలో వేసుకున్న డబ్బుకి ఢోకా లేదు. ఊళ్ళలో డబ్బు తీసుకుని సూచనలు చెప్పేవాళ్ళుంటారు. మీరు బలపడ్డాక బలహీనమైన శత్రువులు మిమ్మల్ని చూసి పారిపోతారు, దొరికితే పోరు లేకుండానే గెలిచేస్తారు. హెచ్‌పీ అంకెలు గిర్రున తిరుగుతూ దిగుతాయి. చంపేసేంత దెబ్బ తగిలినా, అంకె సున్నాకి చేరేలోపు వైద్యం చేసుకున్నా, పోరు ముగించినా బతికిపోతారు. ఆ కొన్ని క్షణాల ఉత్కంఠ ఇంకే గేమ్‌లోనూ నాకు దొరకలేదు.

కానీ మొదటి కొన్ని గంటలు కథానాయకుడు నెస్ ఒంటరివాడు, దెబ్బలు గట్టిగా తగులుతాయి. ఒక్కొక్కరు మోయగలిగేది 14 వస్తువులే, ముఖ్యమైన వస్తువులు కూడా అందులోనే చోటు తినేస్తాయి. రెండో గేమ్‌గా ఆడితే దీని అందం రెట్టింపు తెలుస్తుంది. ఇప్పుడే ఆడి తీరాలంటే మొదటి ఊరి పొలిమేర దాటేముందు నెస్‌ని నాలుగైదు లెవెళ్ళు (బలం మెట్లు) పెంచుకోండి.

అసలు ఈ మార్గం వేసిన 1986 నాటి డ్రాగన్ క్వెస్ట్‌తోనే మొదలుపెడదామనే ఆలోచన కూడా కొందరికి వస్తుంది. ఒకే వీరుడు, ఎదురుగా ఎప్పుడూ ఒకే శత్రువు. ఇంతకన్నా సరళమైన నిర్మాణం లేదు. ఓడిపోతే బంగారం సగం పోయినా అనుభవం మిగులుతుంది. చిక్కేమిటంటే లెవెళ్ళు పెంచుకోవడానికే బోలెడు సమయం పోతుంది. నింటెండో పాత కన్సోల్ ఎన్‌ఈఎస్ కార్ట్రిడ్జ్‌లో (గేమ్ ఉండే పెట్టెలో) సేవ్ చేయాలంటే మళ్ళీ రాజుగారి దగ్గరికే వెళ్ళాలి, మెట్లు దిగడానికి కూడా మెనూలో ఆదేశం ఇవ్వాలి. చరిత్ర మీద ప్రేమ ఉంటే తర్వాతి రీమేక్‌లలో ఏదైనా పట్టుకోండి, మొదటి గేమ్‌గా మాత్రం వద్దు.

సెగా మెగా డ్రైవ్ ఉన్నవాళ్ళకి ఫాంటసీ స్టార్ 4 మంచిది. ర్యాండమ్ ఎన్‌కౌంటర్లు ఉన్నాయి, మంత్రాల పేర్లు మొదట అయోమయంగా ఉంటాయి. రెస్ అంటే వైద్యం, ఫోయ్ అంటే నిప్పు. అయితే మెనూలో పార్టీ వాళ్ళ చేత మాట్లాడించే ఆదేశం ఉంది. వారం రోజుల తర్వాత మళ్ళీ ఆన్ చేసినా, ఏం చేయాల్సి ఉందో వాళ్ళ మాటల్లో గుర్తొస్తుంది. పోరులో మాటిమాటికీ ఇచ్చే ఆదేశాల వరుసని మాక్రోగా దాచుకుని ఒకేసారి వాడొచ్చు. దీని ముందు వచ్చిన ఫాంటసీ స్టార్ 2 జోలికి మాత్రం ఇప్పుడే వెళ్ళకండి, దాని గుహలు అనుభవమున్నవాళ్ళనే తిప్పలు పెడతాయి.

గేమ్ బాయ్ చేతిలో ఉంటే పోకెమాన్ రెడ్ లేదా బ్లూ గురించి ఎక్కువ ఆలోచించనక్కర్లేదు. పోరు లేనప్పుడు ఎక్కడైనా సేవ్ చేసుకోవచ్చు, బయట నడిచేటప్పుడు గడ్డిలోకి అడుగుపెట్టకపోతే అడవి పోకెమాన్ రావు. మొదటి పోకెమాన్‌గా బల్బసార్‌ని తీసుకోండి. మొదటి రెండు జిమ్‌లు (పోటీకి వెళ్ళే కేంద్రాలు) రాయి, నీరు రకాలవి, రెండింటి మీదా దానిదే పైచేయి. చార్మాండర్ ముచ్చటగా ఉంటుంది కానీ ఆ రెండు చోట్లా చెమటలు పట్టిస్తుంది.

ఏ రూపంలో దొరుకుతుంది

క్రోనో ట్రిగర్‌కి 2008లో వచ్చిన నింటెండో డీఎస్ రూపం ఇప్పటికీ చక్కగా ఉంటుంది. 2018 నుంచి కంప్యూటర్ మీద స్టీమ్‌లోనూ ఉంది. ప్లేస్టేషన్ డిస్క్ రూపాన్ని వదిలేయండి, పోరుకీ మెనూకీ లోడింగ్ కోసం ఎదురుచూడాల్సి వస్తుంది. ఎర్త్‌బౌండ్ 2022లో నింటెండో స్విచ్ ఆన్‌లైన్‌లోకి వచ్చింది. అక్కడ ఏ క్షణంలోనైనా ఆటని దాచుకోవచ్చు, కాస్త వెనక్కి తిప్పుకోవచ్చు కూడా. అంటే ఓడిపోతే పోయేది దాదాపు ఏమీ ఉండదు. పైన చెప్పిన మొదట్లోని కష్టం ఆ రూపంలో సగానికి సగం తగ్గుతుంది.

మిస్టిక్ క్వెస్ట్ కొనేటప్పుడు పేరు జాగ్రత్తగా చూసుకోండి. యూరప్‌లో ఈ గేమ్ పేరు మిస్టిక్ క్వెస్ట్ లెజెండ్. అక్కడే ఒట్టి మిస్టిక్ క్వెస్ట్ అన్న పేరుతో గేమ్ బాయ్‌కి వచ్చింది పూర్తిగా వేరే గేమ్, అది యాక్షన్ రకం. జపాన్ కార్ట్రిడ్జ్ మీద ఫైనల్ ఫాంటసీ యూఎస్ఏ అని ఉంటుంది.

పాత కార్ట్రిడ్జ్ ఏది కొన్నా సేవ్ పనిచేస్తోందో లేదో ముందు చూడాలి. ఆ రోజుల్లో సేవ్‌ని నిలబెట్టేది లోపలున్న చిన్న బ్యాటరీ. దానికిప్పుడు ముప్పై ఏళ్ళు. అమ్మేవాళ్ళ ముందే గేమ్ మొదలుపెట్టి, సేవ్ చేసి, కన్సోల్ ఆపి, కార్ట్రిడ్జ్ బయటికి తీసి, కాసేపాగి మళ్ళీ పెట్టి చూడండి. సేవ్ కనిపించకపోతే బ్యాటరీ అయిపోయినట్టే. మార్పించవచ్చు, కానీ చాలావాటిలో దాన్ని సోల్డరింగ్ చేసి బిగించి ఉంటారు కాబట్టి చెయ్యి తిరిగినవాళ్ళకే ఇవ్వండి. బ్యాటరీ తీయగానే లోపలున్న పాత సేవ్‌లు పోతాయి. అందుకే మార్పించే పని ఏదైనా ఉంటే ఆట మొదలుపెట్టకముందే చేయించుకోండి.